పిలిస్తే పలకని నంబర్లు

ఆ ఉదయానికి ఇల్లాలు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదకొండింటికి ఇంజనీరైన భర్త తను రాసిన ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రామును మేనేజరుకు చూపించాలి, మేనేజరు మెచ్చి సెలవివ్వాలి, సాయంత్రం ఇద్దరూ బస్సెక్కి ఇల్లాలి అక్క ఇంటికి వెళ్ళాలి. ఈ ప్రయాణం ఇదివరకే రెండుసార్లు ఆగింది. ఈసారీ ఆగితే అక్క పిలవడం మానేస్తుంది. సర్దిన పెట్టెలు గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాయి. వాటిమీద చూపు పడ్డప్పుడల్లా అత్తగారు టీవీ శబ్దం కొంచెం పెంచుతోంది. ఇల్లు కనిపెట్టుకుని ఉండమని ఆవిడకు చెప్పారు మరి.

క్లౌడులో, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపులో, కొత్త యంత్రం లేచినప్పుడల్లా దానికొక చిరునామా నంబరు కావాలి. ఒక వరస నంబర్లు కేటాయించుకుని, అందులో ఖాళీగా ఉన్నదాన్ని తీసి ఇవ్వడం ఆ ప్లగిన్ పని. పరీక్ష కోసం ఇంజనీరు పడగ్గదిలో చిన్న కంప్యూటర్లు పెట్టి, ఇంటి వైఫైకే తగిలించాడు. నిన్నటిదాకా మూడింటితో బాగానే నడిచింది. మేనేజరు నాలుగు చూపించమన్నాడని ఆ తెల్లవారుజామునే నాలుగోది పెట్టాడు. అది లేస్తోంది, పడుతోంది.

"వచ్చింది... వచ్చింది... పోయింది," అన్నాడు గదిలోంచి.

హాల్లో, అదే వైఫై మీద నడిచే టీవీలో బొమ్మ ఆగిపోయింది.

"వెళ్ళేవాళ్ళు వెళ్ళండమ్మా. ఉండేదాన్ని కాస్త కాలక్షేపం కూడా చేసుకోనివ్వరా?" అంది అత్తగారు. అప్పుడే కోడలు వైఫై పెట్టె మీద దుమ్ము తుడుస్తోంది. దాంతో కోడలే ఆపిందని ఆవిడకు అనుమానం కాదు, నమ్మకమే కలిగింది. టీవీ ఆపి మళ్ళీ వేసింది. బొమ్మ కదిలింది. గదిలో యంత్రం పడిపోయింది.

ఇంజనీరు వంటింట్లోకి ఊడిపడ్డాడు. "ఈ ఇంట్లో ప్రతి వస్తువూ వైఫై మీద పడి బతుకుతోంది," అని ఓవెన్ తీగ పీకాడు. వాషింగ్ మెషీన్‌దీ పీకాడు.

"అందులో మీ చొక్కా ఉంది. మేనేజరు ముందు తొడుక్కుంటానన్నదే."

మెషీన్ తలుపు బిగుసుకుపోయింది. గాజు వెనకాల నురగలో చొక్కా తేలుతోంది. గత్యంతరం లేక ఇంజనీరు ప్రయాణం పెట్టె తెరిచి ఇంకో చొక్కా కోసం బట్టలన్నీ హాలంతా పరిచాడు.

"అయ్యో, ప్రయాణం ఆగిపోయిందట్రా?" అంది అత్తగారు, కాస్త ఉత్సాహంగానే.

"ఆగలేదమ్మా."

ఆవిడ టీవీ ఆపి వేసింది. గదిలో యంత్రం పడింది. అతను పరిగెత్తి దాన్ని లేపాడు. టీవీ పోయింది. అత్తయ్య అలిగి పంతం పడుతోందనుకుంది కోడలు. కానీ వసారాలో నిలబడి రెండువైపులా చూస్తే వరస తెలిసింది.

"ఏమండీ, ఆవిడది వస్తే మీది పోతోంది. మీది వస్తే ఆవిడది పోతోంది. ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చుంటున్నట్టున్నారు."

ఇంజనీరు టీవీ నంబరూ, నాలుగో యంత్రం నంబరూ చూసి నుదురు పట్టుకున్నాడు. ఒకటే నంబరు. "తెల్లవారుజామున టీవీ ఆపేసి ఉంది. ప్లగిన్ ప్రతి నంబరునీ ఒకసారి పిలుస్తుంది. పలక్కపోతే ఖాళీ అనుకుంటుంది."

"ఎవరు రాశారలా?"

"నేనే."

"ఆ లెక్కన మీరు ఈ ఇంట్లో లేక చాలా కాలమైంది."

సరిదిద్దే వ్యవధి లేదు. టీవీ ఆపమని తల్లిని బతిమాలాడు. వచ్చేసారి తప్పకుండా తీసుకెళ్తానన్నాడు. "నీ వచ్చేసారి నాకు బాగా తెలుసురా," అని ఆవిడ టీవీ ఆపింది.

పదకొండింటికి నాలుగు యంత్రాలూ బుద్ధిగా లేచి నిలబడ్డాయి.

"బ్రహ్మాండం. ఇవాళే ఆఫీసులో పెట్టేస్తా," అన్నాడు మేనేజరు తెరమీంచి.

"సార్, నంబరు ఖాళీయో కాదో చూసేచోట చిన్న మార్పు..."

"సెలవొద్దా నీకు?"

"కావాలి సార్."

"అయితే వచ్చాక మార్చుకో. ఇదిగో, ఇచ్చేశాను."

ఇంజనీరు తలుపు దగ్గరున్న భార్యను చూశాడు. హాల్లో పెట్టెలను చూశాడు. నోరు మూసుకున్నాడు.

మేనేజరు ప్లగిన్ పెట్టింది భోజనాల వేళ. అందరూ బయటికి వెళ్ళారు. కంప్యూటర్లు, ప్రింటర్లు, తలుపుల దగ్గర కార్డు చూసే పెట్టెలు, అన్నీ కునుకు తీస్తున్నాయి. ప్లగిన్ ఒక్కొక్కదాన్నీ మర్యాదగా ఒకసారి పిలిచింది. ఒక్కటీ పలకలేదు. ఆఫీసంతా ఖాళీ అనుకుని వాటి నంబర్లన్నీ కొత్త యంత్రాలకు పంచిపెట్టింది.

ఇంట్లో ఇంజనీరు పెట్టె జిప్పు లాగుతుండగా మేనేజరు ఫోన్ చేశాడు.

"తలుపులు తెరుచుకోవట్లేదు. భోజనానికెళ్ళిన వాళ్ళంతా మెట్ల మీద కూర్చున్నారు. ఒక్క యంత్రమూ మాట వినట్లేదు. ఏం పెట్టావయ్యా ఇందులో?"

"సార్, నేను సెలవులో..."

"సెలవా? అందరికీ ఇచ్చి ఇళ్ళకు పంపేస్తున్నాను. నీకు తప్ప. బయల్దేరు."

ఇంజనీరు ఫోన్ జేబులో పెట్టుకుని భార్య వైపు చూడకుండా చెప్పులు వెతుక్కున్నాడు. అతనివి దొరికేలోపే అత్తగారు తనవి తొడుక్కుని గుమ్మంలో నిలబడింది. పక్కనే చిన్న సంచి. అదెప్పుడు సర్దిందో కోడలు అడగలేదు.

"ఇల్లెవరు చూస్తారత్తయ్యా?"

"వాడున్నాడుగా. పిలిస్తే పలకడనే గానీ."

సాయంత్రం బస్సులో కొడుక్కని తీసుకున్న కిటికీ సీట్లో సర్దుకుని కూర్చుని, అత్తగారు కండక్టర్ని పిలిచింది. "ఈ నంబరు ఇంకెవరికీ ఇవ్వలేదు కదా బాబూ?"