వెనక గదిలో కదలిక

ఇకమీదట ఈ ఇంట్లో ఎవరూ స్విచ్చు ముట్టుకోనక్కర్లేదని ఆడిటరు గారు ఆ ఉదయం టై కట్టుకుంటూ ప్రకటించారు. మనిషి గదిలోకి రాగానే దీపం వెలుగుతుంది, కాసేపు కదలిక లేకపోతే ఆరిపోతుంది. అందుకోసం గదికొక సెన్సరు చొప్పున గోడ మూలల్లో తెల్లటి డబ్బీలు బిగించి, స్విచ్చులన్నీ పీకించేశారు. కంపెనీల లెక్కలను అనుమానించి జీతం తెచ్చుకునే మనిషి కనుక, ఎవరూ చూడనప్పుడు ఏం జరుగుతోందో చూడటమంటే ఆయనకు మహా ఇష్టం.

స్కూల్లో పాఠాలు చెప్పే భార్య ఆ డబ్బీల వంక అదోలా చూసింది.

"ఏమండీ, ఇవి దీపాలు వెలిగించి ఊరుకుంటాయా, ఎవరెక్కడ తిరుగుతున్నారో మీకు కబుర్లు మోస్తాయా?"

"ఛ! నాకదే పనా?" అన్నారాయన, జేబులో ఫోనును అరచేత్తో కప్పుకుంటూ.

వెనక గది మామగారిది. గడియారాలు బాగుచేసే దుకాణం మూసేసి కూతురి దగ్గరికొచ్చారు. "నేను బరువైన రోజు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు" అని వచ్చిన రోజే అనేసి, అప్పటినుంచి ఆ రోజు కోసం కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నారు. చేతులు ఊరుకోక, తెలిసినవాళ్ళ గడియారాలు ఇంకా బాగుచేస్తుంటారు. కంటికి భూతద్దం తగిలించి, పట్టుకారుతో ఆవగింజంత మరమేకును పట్టుకున్నారంటే ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తారు. డబ్బీ ఆయన్ని చూసి గది ఖాళీ అనుకుంది. దీపం ఆరింది, మర ఎక్కడో పడింది. చెయ్యి ఊపితే వెలిగింది. మరొక మర తియ్యగానే మళ్ళీ ఆరింది. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడను చూస్తుంది గనుక పగలైనా దీపం లేనిదే పని సాగదు.

సాయంత్రం ఆయన కూతుర్ని పిలిచారు.

"అమ్మాయీ, మీ ఆయన నా దీపం ఎందుకు ఆర్పుతున్నాడు?"

"ఆయనెక్కడ ఆర్పారు నాన్నా! అది యంత్రం."

"యంత్రమే. బిగించిందెవరు?"

ఆ పైన ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. అది మంచి లక్షణం కాదని కూతురికి తెలుసు.

మర్నాడు ఆఫీసులో ఆడిటరు గారు సమావేశంలో ఉండగా ఫోను వణికింది. 'వెనక గదిలో కదలిక.' కాసేపటికి మళ్ళీ అదే. ఆ తరువాతా అదే. ఆయన బయటికొచ్చి భార్యకు ఫోను చేశారు.

"మామయ్యగారు ఇంట్లోనే ఉన్నారా?"

"కళ్ళ డాక్టరు దగ్గరికని పొద్దున్నే వెళ్ళారు. ఎందుకూ?"

"ఊరికే."

పెళ్ళయిన నాటినుంచి ఆయన ఊరికే ఏదీ అడిగి ఎరగరు. ఆవిడకు అనుమానం వచ్చి, స్కూల్లో సెలవు చెప్పి బయల్దేరింది.

ఈలోగా ఆయన పక్కింటి తాతగారికి ఫోను చేశారు. రిటైరైన హెడ్ కానిస్టేబులు. ఈల మాత్రం ఇంకా మెడలోనే ఉంది.

"సందులోకొచ్చి చూశాను, కిటికీ తెర వెనక దీపం వెలుగుతోందండీ," అన్నారు తాతగారు గుసగుసగా. "టక్కు, టక్కుమని చప్పుడు. గోడకి కన్నం వేస్తున్నాడు. కంగారు లేకుండా వేస్తున్నాడంటే చెయ్యి తిరిగినవాడే."

ఎందుకైనా మంచిదని ఆడిటరు గారు మామగారి నంబరు నొక్కారు. ఎవరూ ఎత్తలేదు. వెంటనే తాతగారు ఫోను చేశారు.

"లోపల ఫోను మోగిందండోయ్!"

ఆడిటరు గారికి పై ప్రాణాలు పైనే పోయాయి. మామగారు తిరిగొచ్చి దొంగ చేతికి చిక్కారన్నమాట! మేనేజరు పిలుస్తున్నా వినిపించుకోకుండా ఆటో ఎక్కేశారు.

ఇంటి ముందు వీధి వీధంతా పోగైంది. తాతగారు అందర్నీ వరుసలో నిలబెట్టి, పిల్లిలా నడవమన్నారు. నడిచారు. కానీ అడుగు పెట్టిన గదిలోనల్లా దీపం భళ్ళున వెలిగింది.

"ముందు ఈ దీపాలు ఆర్పండి మహాప్రభో!"

"స్విచ్చులు పీకించేశానండీ!"

ఇక దాక్కునేదేముందని ఆడిటరు గారు "మామయ్యగారూ, నేనొచ్చాను!" అని అరుస్తూ వెనక గది తలుపు నెట్టారు. లోపల దొంగ లేడు. డబ్బీకి ఎదురుగా, బాగుచేయడానికొచ్చిన గోడగడియారం ఒకటి అద్దం తలుపు తీసి వేలాడదీసి ఉంది. దాని లోలకం తీరుబడిగా ఊగుతోంది. దీపం ఆరకుండా మామగారు పెట్టుకున్న కాపలా అది. మంచం మీద ఆయన మరిచిపోయిన ఫోను, పక్కన సర్దిన పెట్టె. దొంగ మూట కట్టిందేమోనని ఆడిటరు గారు పెట్టె తెరిచి చొక్కాలు బయటికి తీశారు.

సరిగ్గా అప్పుడే, వీధి మలుపులో కలుసుకున్న తండ్రీ కూతుళ్ళు గుమ్మంలోకి వచ్చారు.

"చూశావా అమ్మాయీ!" అన్నారు మామగారు. "దీపం ఆర్పితే పోలేదని, నా బట్టలు విసరడానికి ఊరందర్నీ తెచ్చుకున్నాడు. అంత శ్రమెందుకు? నేనే అద్దెకి గది చూసొచ్చాను. డాక్టరూ లేదు, గీక్టరూ లేదు."

"అయ్యో, దొంగనుకున్నానండీ! కదలిక ఉందని ఫోను..."

"ఫోనా?" అంది భార్య. "అంటే మీకు అదే పనన్నమాట."

ఆడిటరు గారు ఫోను ఆవిడ చేతిలో పెట్టారు. తాతగారే కల్పించుకున్నారు.

"అమ్మా, తిట్టడానికి రేపు కూడా ఉంది. గుమ్మం దగ్గర ఈయన నా చొక్కా పట్టుకుని, మా మామయ్యగారు లోపలున్నారు, ఆయనకేమన్నా అయితే ఎలాగండీ అని ఏడ్చారు. నా సర్వీసులో మామగారి కోసం ఏడ్చిన అల్లుణ్ణి చూడలేదు."

"ఏడవలేదు, చెమట," అన్నారు ఆడిటరు గారు నేల చూస్తూ.

మామగారు అల్లుడి ముఖంలోకి చూశారు. తాను బరువనడానికి ఇన్నాళ్ళూ సాక్ష్యాలు వెతుక్కున్న మనిషికి, కాదనడానికి ఇంత పెద్ద సాక్ష్యం దొరికితే ఏం చేయాలో తోచలేదు. అల్లుడి చేతిలోని చొక్కాలు అందుకుని, ఒక్కొక్కటే మళ్ళీ అలమారులో పెట్టుకున్నారు.

"ఆ అద్దె గదిలో వెలుతురు కూడా సరిగ్గా లేదులే," అన్నారు చివరికి.

ఆ వారంలోనే ఆవిడ దగ్గరుండి ఇంట్లో స్విచ్చులన్నీ తిరిగి పెట్టించింది. ఒక్క ఆడిటరు గారి గదిలో మాత్రం డబ్బీ ఉంచి, దాని కబుర్లు తన ఫోనుకొచ్చేలా మార్పించింది. సెలవు రోజున తలుపేసుకుని తెగ పని చేస్తున్నానని ఆయనంటారు. గదిలో కదలిక లేదని ఫోనంటుంది.