మంత్రిగారి కంటిచుక్కలు

గౌరవనీయ ఆరోగ్యమంత్రి కబుదులాగారు మా సరస్సు జిల్లాలో కంటివాపు మీద యుద్ధం ప్రకటించారు. ఆ ప్రకటన ఊరంతా వినబడింది నా మైకుసెట్టులోంచే గనక, ఆ కీర్తిలో నాకూ కాస్త వాటా ఉందని మనవి.

హెచ్ఐవి మందులు వేసుకుంటూ శుభ్రంగా పనులు చేసుకుంటున్నవాళ్ళలో కొందరికి కంటి లోపల వాపొస్తోంది. కన్ను ఎర్రబడుతుంది, వెలుతురు చూడలేరు. చుక్కలమందు వేళకి పడితే తగ్గుతుంది, లేకపోతే చూపు పోతుంది. మందు రాజధాని నుంచి వచ్చేసింది కూడా. మా ఆసుపత్రిలోనే ఓ గదిలో పెట్టి తాళం వేశారు.

"అయ్యా బ్వానా, తాళం తియ్యండి," అని కళ్ళ డాక్టరమ్మ తివోంగే, పార్టీ కార్యదర్శి మసావుకోని బతిమాలింది. "ఎనాలాకి ఒక కన్ను పోయింది. రెండోదీ పోయేలా ఉంది."

"మంత్రిగారు రిబ్బను కత్తిరించకుండా వేస్తే అది ప్రభుత్వ చుక్క ఎలా అవుతుంది డాక్టరమ్మా? ఉత్త నీళ్ళు!"

ఆహా, ఎంత లోతైన మాట! వైద్యం చదవలేదు కదా, నాకు తట్టనే లేదు.

ఎనాలా మా పక్కింటి దర్జీ. మందు దొరక్కపోయినా ఆవిడకి పని దొరికింది. మంత్రిగారొచ్చే సభలో ఆడవాళ్ళు ఆడి పాడాలిగా, మంత్రిగారి ముఖం అచ్చేసిన గుడ్డతో వాళ్ళకి గౌన్లు కుట్టాలి. షరతు ఒక్కటే: మంత్రిగారి ముఖం కూర్చునే చోట రాకూడదు.

"కళ్ళు కనబట్టంలేదు బాబూ, నన్నొదిలెయ్," అంది ఎనాలా.

"నీ కళ్ళ కోసమేగా అక్కా ఆయనొచ్చేది! ఆయన ముఖం కుట్టడానికి కళ్ళెందుకు, భక్తి చాలు," అన్నాడు మసావుకో.

తడుముకుంటూ కుట్టింది పాపం. ముప్పాతిక గౌన్లలో మంత్రిగారు సరిగ్గా వెనక్కే వచ్చి కూర్చున్నారు. సభ వాయిదా పడింది.

"ఇలా కుట్టిందేం?" అని మసావుకో గంతులేశాడు.

"చుక్కలు పడలేదుగా," అంది డాక్టరమ్మ.

"ఎందుకు పడలేదు?"

"సభ జరగలేదుగా."

"సభ ఎలా జరుగుతుంది, గౌన్లు ఇలా తగలడితే?"

తర్కంలో ఆయన్ని కొట్టేవాడు లేడు. కుట్లు విప్పి మళ్ళీ కుట్టమని గౌన్లన్నీ ఎనాలా ఒళ్ళో పడేసి పోయాడు. ఈ సంగతి మైకులో ఊరంతటికీ చెప్పేద్దామనుకున్నాను. కానీ మైకు నాదైనా మాట నాది కాదు కదా.

చివరికి సభ జరిగింది. ఎండ పేలిపోతోంది. రోగులందర్నీ ముందువరసలో కూర్చోబెట్టి టోపీలూ, నల్లకళ్ళద్దాలూ లాగేసుకున్నారు. వేదిక దగ్గర నల్లకళ్ళద్దాలు మంత్రిగారికే ఉండాలట. ఆ వెలుతురుకి అందరి కళ్ళూ ధారలు కట్టాయి.

"చూశారా బ్వానా, ఆనందబాష్పాలు!" అని మసావుకో మైకులో గొంతు పగిలేలా అరిచాడు.

మంత్రిగారు చలించిపోయారు. మొదటి మందుపెట్టె ఎనాలాకి తన చేత్తోనే ఇస్తానన్నారు. డాక్టరమ్మ ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మెట్ల దగ్గర పోలీసులు డాక్టరమ్మని ఆపేశారు.

"రా తల్లీ, రా!" అన్నారు మంత్రిగారు మైకులో.

ఎనాలా ఆయన గొంతు వినబడ్డ వైపు నడిచింది. పెద్దల దగ్గర ఏదన్నా పుచ్చుకునేటప్పుడు మా ఆడవాళ్ళు మోకరిల్లి రెండు చేతులూ పడతారు. అలాగే మోకరిల్లి, నా స్పీకరు పెట్టె ముందు చేతులు పట్టింది. మంత్రిగారు వేదిక అవతలి కొసన ఉన్నారు.

మసావుకో ముఖంలో నెత్తురు చుక్క లేదు. మంత్రిగారు మాత్రం గుండె మీద చెయ్యేసుకున్నారు.

"నా ముఖానికి మొక్కేవాళ్ళు వేలమంది. నా గొంతుకి మొక్కింది ఈ తల్లి ఒక్కతే!"

చప్పట్లు మోగాయి. గౌన్లు ఆడాయి. మంత్రిగారు పెట్టె పట్టుకుని ఫొటో దిగారు. ఆ పెట్టెతో సహా మందుపెట్టెలన్నీ కార్లోకెక్కించారు. రేపు పక్క జిల్లాలో ప్రారంభోత్సవంట, దేశం మొత్తానికి ఉన్నవి ఇవేనట. డాక్టరమ్మ కారు వెనక అరుస్తూ పరుగెత్తింది.

నేను వైర్లు చుట్టుకుందామని వేదికెక్కాను. ఎనాలా అలాగే మోకాళ్ళ మీద ఉంది.

"చేతులు లాగేస్తున్నాయి బ్వానా," అంటోంది స్పీకరుతో, మర్యాదగా తల వంచుకుని. "ఇక పెట్టండి."