గోల్ వెనక గొంతు

ఆ ఆదివారం పొద్దున మల్లేశం పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం దాకా నోరు మూసుకుని ఉండాలి.

వినడానికి ఇదేమంత పెద్ద పని కాదు. కానీ మల్లేశం చెరువు కట్ట మీద నిలబడి పిలిస్తే జింకల పార్కు గేటు దగ్గర టికెట్లు చించే మనిషి కూడా పలికేవాడు. ఆరేళ్లుగా శామీర్‌పేట హాకీ జట్టు ఎక్కడ ఆడినా ఆ గొంతు మన గోల్ వెనకే ఉండేది. "కుడి దిక్కు సూడు బిడ్డా", "కాలు సాపు", "ఆగు ఆగు, ఇగ దుంకు" అంటూ గోల్‌కీపర్ ఖైసర్‌కు ఆట అయ్యేదాకా ఊపిరి తీసుకోకుండా చెప్పేవాడు. మల్లేశం ఏనాడూ హాకీ కర్ర పట్టుకున్నవాడు కాదు. పొలాల్లో చాలావరకు ప్లాట్లు అయ్యాక తీరిక మాత్రం పుష్కలంగా దొరికింది.

దేశమంతా క్రికెట్ చూస్తుంటే ఈ ఊరికి హాకీ ఏమిటని అడిగేవాళ్లున్నారు. ఎప్పుడో ఒక రిటైరైన సుబేదారు అల్వాల్ నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకుని, ఊరి పిల్లలకు కర్రలు పంచాడు. ఆయన పోయాడు గానీ ఆట పోలేదు. ఇప్పుడు జనం గ్రౌండుకు వచ్చేదంతా ఖైసర్ కోసం. కరీంనగర్ రోడ్డు మీద జాంపండ్ల బండి పెట్టే అల్లావుద్దీన్ కొడుకు. చిన్నప్పుడు తండ్రి చెట్టెక్కి కాయలు విసురుతుంటే ఒక్కటీ నేల తాకనిచ్చేవాడు కాదు. ఇప్పుడు ఇరవై మూడేళ్లు. పోయిన ఏడాది మొత్తంలో అతన్ని దాటి లోపలికి పోయిన బంతులు మూడు. ఆ మూడు తేదీలూ మల్లేశానికి తన పెళ్లిరోజు కంటే బాగా గుర్తు.

బుధవారం నాడు ఖైసర్ ఇంటి ముందు తెల్ల కారు ఆగింది. గ్రౌండు దగ్గర ఉడకబెట్టిన పల్లీలు అమ్మే బుచ్చవ్వ దాన్ని చూసి, గంప కూడా దించకుండా మల్లేశం ఇంటికి వచ్చింది.

"ఫైలు పట్టుకొని దిగిండు. కాళ్లకు ఆటల బూట్లున్నయ్. గంట సేపు కూసున్నడు మల్లేశం, రెండుసార్లు చాయ్ గూడ తాగిండు."

గురువారం ఖైసర్ తల్లి ఫాతిమా మేడ్చల్ పోయి పెద్ద సూట్‌కేసు కొనుక్కొచ్చింది. శుక్రవారం ఖైసరే వచ్చాడు.

"కాకా, ఆదివారం అల్వాలోళ్లతోని ఆట ఉంది గద. బెంగుళూరు నుంచి ఒక సారు సూడనీకి వస్తుండు. మనోళ్లందరు రావాలె. ఒక్కలు గూడ ఇంట్ల ఉండొద్దు."

"వస్తం బిడ్డా" అన్నాడు మల్లేశం. అడగాల్సిన మాట నాలుక చివరే ఉంది. పోతున్నావా అని అడిగితే అవునంటాడేమోనని భయపడ్డాడు. తర్వాత చాలా రోజులు ఆయన తిట్టుకున్నది ఈ భయాన్నే.

శనివారం సాయంత్రం బుచ్చవ్వ గంప చుట్టూ సమావేశం జరిగింది. ఇరవై మంది దాకా వచ్చారు. మల్లేశం తన పథకం చెప్పాడు.

"పిలగాడు సగం ఆట మన గొంతుతోనే ఆడుతడు. రేపు మన గొంతులు బందు. ఒక్క కేక ఉండొద్దు, ఒక్క చప్పట్ ఉండొద్దు. సప్పుడు లేకుంటె ఆనికి పరేషాన్ అయితది, నాలుగు గోల్స్ పడ్తయ్. సారు ఫైలు మూసుకొని పోతడు. ఖైసర్ మనకే ఉంటడు."

"పోరని నోటికాడి కూడు తీసినట్టు గాదా?" అంది బుచ్చవ్వ.

"ఈడ కూడు లేకనా? తండ్రికి బండుంది, ఊరికి ఆడున్నడు. గింతకన్న ఏం గావాలె."

మల్లేశం గట్టిగానే అన్నాడు గానీ ఆ మాట ఆయనకే రుచించలేదు. అయినా ఖైసర్ లేని గోల్ వెనక తాను నిలబడటం ఎంత ప్రయత్నించినా ఊహకు అందలేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఆదివారం అనేది ఒకటి కావాలి కదా.

అలా ఆదివారం వచ్చింది. పొద్దున్నే మల్లేశం మెడకు తువ్వాలు చుట్టుకుని జాంపండ్ల బండి మీదుగా నడిచాడు. ఖైసర్ పలకరిస్తే గొంతు చూపించి, చెయ్యి అటూ ఇటూ ఊపాడు. రాత్రంతా ఆలోచించి తయారు చేసుకున్న సాకు అదొక్కటే.

"అరె, ఇయ్యాలనే గొంతు బోయిందా కాకా?" అన్నాడు ఖైసర్. అతని ముఖం వాడిపోయింది.

ఫాతిమా ఆ మాట విని ఊరుకుంటుందా. బండి వెనకే ఉన్న ఇంట్లోకి పోయి జోషాందా కాచి తెచ్చింది. యునానీ మూలికలు వేసి మరిగించే కషాయం అది. "తాగన్నా, ఆట మొదలయ్యేటాళ్లకు కోయిల లెక్క అయితది నీ గొంతు" అంది. మల్లేశం కళ్లు మూసుకుని గ్లాసుడు చేదూ మింగాడు. మధ్యాహ్నానికి ఇంకొక ఫ్లాస్కు నింపి ఇచ్చింది. ఆదివారాలు చెరువుకు వచ్చే జనం వల్ల బండి వదిలి ఆమె ఆటకు రాలేదు. వచ్చినా బాగుండేది.

తర్వాత ప్రతి ఆటకూ మన పక్షాన వాయించే డప్పుల వాళ్లకు ఫోన్ చేసి ఇవాళ రావద్దన్నాడు. వాళ్లు అప్పటికే శామీర్‌పేట బస్టాపులో దిగారు. డప్పులతో ఖాళీగా నిలబడిన నలుగురిని, అదే బస్సులోంచి దిగిన అల్వాల్ జనం చూశారు. చూసి వెంట తీసుకుపోయారు. దాంతో మూడు గంటలకు ఆట మొదలయ్యేసరికి మన డప్పులు అల్వాల్ పక్షాన మోగుతున్నాయి. మన పక్షాన, రాత్రికే మాట అందుకున్న రెండు వందల మంది మూతులు బిగించుకుని కూర్చున్నారు. ముందు వరుసలో తెల్ల టోపీ పెట్టుకుని బెంగుళూరు సారు.

మొదటి ఐదు నిమిషాల్లో ఖైసర్ మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మల్లేశం తువ్వాలు సవరించుకుని ఆకాశం చూశాడు.

మైకు పట్టుకున్నది మేడ్చల్ నుంచి మైకు సెట్టు తెచ్చిన అన్వేష్. పరాయి ఊరివాడు కాబట్టి అతనికి పథకం తెలియదు. శామీర్‌పేట జనం ఇలా కూర్చోవడం అతను ఎన్నడూ చూడలేదు. మొదటి విరామంలో మెల్లగా మల్లేశం దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు.

"కాకా, ఊర్ల ఎవరన్న పోయిండ్రా?"

మల్లేశం జవాబు చెప్పక తప్పలేదు. లేదంటే మరి ఎందుకు అరవడం లేదని మైకులోనే అడిగే రకం అన్వేష్. అవునని తలూపాడు. "ఎవరు?" అన్నాడు అన్వేష్. వారం కిందట పొలం గట్టు రాయి దగ్గర బావమరిదితో గొడవైంది. అప్పటినుంచి ఆ పేరొక్కటే మల్లేశం నోట్లో తిరుగుతోంది. అదే గుసగుసగా బయటికి వచ్చింది.

"పేట్ బషీరాబాద్‌ల... మా బామ్మర్ది. రాఘవేందర్."

మరుక్షణం మైకు మోగింది. "మల్లేశం గారి బావమరిది రాఘవేందర్ గారు ఇక లేరని చెప్పడానికి విచారిస్తున్నాం. అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించగలరు."

డప్పులు ఆగాయి. అల్వాల్ వాళ్లు లేచారు. అప్పటిదాకా కూర్చుని మౌనంగా ఉన్న శామీర్‌పేట వాళ్లు లేచి నిలబడి మౌనంగా ఉన్నారు. సారు టోపీ తీశాడు. ఖైసర్ హెల్మెట్ తీసి, తడికళ్లతో మల్లేశం వైపు చూశాడు. ఊరి నిశ్శబ్దానికి కారణం దొరికిందన్న ఊరట కూడా ఆ ముఖంలో ఉంది. మల్లేశం ఆ చూపును తట్టుకోలేక నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. దాంతో నలుగురు వచ్చి ఆయన భుజం తట్టారు.

ఎవరో ఆ ప్రకటనను ఫోనులో పట్టి ఊరి గ్రూపులో పెట్టారు. సగం ఆట అయ్యేసరికి ఆటోలో మల్లేశం భార్య మనోరమ దిగింది.

"పొద్దుగాలనే నాతోని ఫోన్ల మాట్లాడిండు గదనయ్యా మా తమ్ముడు. ఏమైంది ఆనికి? నాకొక్క మాట జెప్పకుంట నువ్వు ఈడ ఆట సూస్తున్నవా?" అని గ్రౌండు మధ్యలోనే కూలబడింది. బుచ్చవ్వ నీళ్లు తెచ్చింది. మల్లేశం మెడ చూపించి చేతులు ఊపాడు. గొంతు నొప్పికీ తమ్ముడి చావుకూ సంబంధం ఏమిటో మనోరమకు అర్థం కాలేదు.

ఇంతలో స్కూటర్ మీద రాఘవేందర్ వచ్చాడు. దారంతా సంతాపం ఫోన్లు ఎత్తుతూ వచ్చినట్టున్నాడు, చెవి ఎర్రగా ఉంది. అక్క అతన్ని చూసి మొదట దడుచుకుని, తర్వాత పట్టుకుని ఏడ్చింది.

"బావా, నేను ఎప్పుడు సచ్చిన్నో జర జెప్పు. టైమన్న తెల్వాలె గద నాకు" అన్నాడు రాఘవేందర్. "గా గట్టు రాయి నా దిక్కు జరుపుకోనీకేనా గిదంత?"

"అరె, రాయి ముచ్చట ఈడెందుకు తెస్తవ్. పొరపాటైంది, సల్లగుండు" అన్నాడు మల్లేశం. కంగారులో గొంతు సంగతి మరిచాడు. ఆ మాట గ్రౌండు ఆ చివర దాకా వినబడింది. అక్కడ నీళ్లు తాగుతున్న ఖైసర్ సీసా దించి ఇటు చూశాడు.

"రాఘవేందర్ గారు ఉన్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం" అన్నాడు అన్వేష్ మైకులో. చప్పట్లు కొట్టకూడదన్న మాట మీద ఉన్నారు కాబట్టి ఎవరూ కొట్టలేదు. రాఘవేందర్ దాన్ని మనసులో పెట్టుకున్నాడు.

బుచ్చవ్వ మల్లేశం పక్కకు వచ్చింది. "గొంతున్నదని ఆనికి తెలిసిపాయె. ఇగ అరుద్దమా?"

నిజానికి అప్పుడే అరవాల్సింది. కానీ ఇంత అప్రతిష్ఠ పాలయ్యాక పథకం కూడా వదిలేస్తే ఇంతా చేసి దక్కిందేమిటని మల్లేశానికి పంతం పట్టింది. "ఇంగ అర్ధగంటనే. ఓపిక వట్టు" అన్నాడు.

ఎవరూ చావలేదు, ఎవరి గొంతూ పోలేదు. అయినా రెండు వందల మంది నోరు తెరవలేదు. ఖైసర్ ఆ తర్వాత ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

పథకంలో అసలు లోపం ఏమిటంటే, గోల్స్ పడలేదు. కుడి ఎడమలు చెప్పేవాళ్లు లేకపోయినా ఖైసర్ అన్నిటినీ ఆపుతూనే ఉన్నాడు. మనవాళ్లు ఒక గోల్ వేశారు, దానికీ మనవాళ్లు మాట్లాడలేదు. చివరి నిమిషంలో అల్వాల్‌కు పెనాల్టీ స్ట్రోక్ దొరికింది. ఏడు గజాల దూరంలో బంతి, ఎదురుగా ఖైసర్ ఒక్కడు. బంతి ఎడమ పై మూలకు లేచింది. ఖైసర్ కుడివైపు ఒరిగినవాడు ఎలా మళ్లాడో ఎవరికీ తెలియదు. గాల్లో అడ్డంగా సాగి, చేతి కొసతో దాన్ని బయటికి నెట్టాడు.

అలాంటిది ఆ గ్రౌండులో ఎవరూ ముందు చూడలేదు, మళ్లీ చూడబోరు. డప్పు ఒకటి మన ఊరి మీద ప్రేమతో ఒక్కసారి ధన్ మని ఆగిపోయింది. బుచ్చవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. మల్లేశం తువ్వాలును పళ్ల మధ్య పెట్టి కొరికాడు. ఆరేళ్లు ఎదురుచూసిన కేకను ఆయన పూర్తిగా మింగేశాడు.

ఆట ముగిసింది. ఖైసర్ ప్యాడ్లు విప్పుకుంటున్నాడు. సారు అతనితో రెండు మాటలు మాట్లాడి మల్లేశం దగ్గరికి వచ్చాడు. ఉద్యోగం బెంగుళూరులో గానీ కర్నూలు మనిషి, నెమ్మదిగా మాట్లాడాడు.

"మీరేనా మల్లేశం గారు? ఏడాదిలో మూడుసార్లు మా జట్టుకు పిలిచామండీ. రానన్నాడు. ఎందుకయ్యా అంటే, ఒకసారి మా ఊరొచ్చి ఆట చూడండి సార్, గోల్ వెనక మా కాక అరుస్తాడు, ఊరంతా అరుస్తుంది, అది వింటే మీరే నన్ను రమ్మనడం మానేస్తారు అన్నాడు. అది విందామనే వచ్చాను."

మల్లేశానికి నోట మాట రాలేదు. ఈసారి నిజంగానే.

"ఇప్పుడే మళ్లీ అడిగాను" అన్నాడు సారు టోపీ పెట్టుకుంటూ. "వస్తానన్నాడు."

మల్లేశం గ్రౌండుకు అడ్డంగా పరుగెత్తాడు. ఖైసర్ ప్యాడ్లు భుజాన వేసుకుని నడుస్తున్నాడు.

"బిడ్డా, నువ్వు పోతవని భయమైంది. నువ్వు ఆడలేకపోతె సారు ఇడిసిపెడ్తడని మేమే సప్పుడు బంద్ జేసినం. నీ మీద కోపం గాదు. సూట్‌కేసు గూడ కొంటిరి గద మీరు."

"గది మా చెల్లె ఆతియాకు. హాస్టల్‌కు పోతుంది" అన్నాడు ఖైసర్. ప్యాడ్లు ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "పోకు బిడ్డా అని ఒక్క మాట అంటె అయిపోవు గద కాకా. ఉంటుంటి."

"ఇప్పుడంటున్న. పోకు."

"సారుకు మాటిచ్చిన" అన్నాడు ఖైసర్.

పది రోజులకు వెళ్లిపోయాడు. బస్టాపులో మల్లేశం చెరువు అవతలి దాకా వినబడేలా అతని పేరు పిలిచాడు. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊగింది. తర్వాతి ఆదివారం కొత్త కీపర్‌కు ఎనిమిది గోల్స్ పడ్డాయి, ఊరంతా గొంతు చించుకుని అరిచింది. మల్లేశం మాత్రం గోల్ వెనక్కి పోలేదు. జాంపండ్ల బండి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

గ్రౌండులో ఏం జరిగిందో ఖైసర్ ఇంట్లో చెప్పినట్టు లేడు. బస్టాపు కేకతో గొంతు మళ్లీ పోయిందనుకుని ఫాతిమా రోజూ గ్లాసు పట్టుకొచ్చి అదే మాట అడుగుతుంది.

"గొంతెట్లుంది అన్నా?"

"ఇంక తగ్గలే చెల్లె" అంటాడు మల్లేశం.

జోషాందా మహా చేదు. కాస్త చక్కెర వెయ్యమని ఆయన ఇంతవరకు అడగలేదు.