పది గంటలకు గేటు మూస్తారు

మార్కాపురం చుట్టుపక్కల రోడ్ల మీద అతివేగాన్ని సమూలంగా నిర్మూలించే కార్యక్రమం శనివారం నుంచి మొదలవుతుందని శుక్రవారం సాయంత్రం ప్రకటించారు. ఇకమీదట వేగంగా పోయి పట్టుబడినవారు జరిమానా కట్టి చేతులు దులుపుకుంటే చాలదు. తర్వాతి శనివారం పట్టణంలోని ఒక కల్యాణ మండపంలో జరిగే అవగాహన తరగతికి హాజరు కావాలి. తరగతి ఉదయం పది గంటలకు. పది దాటి ఒక్క నిమిషమైనా గేటు మూస్తారు. గేటు బయట మిగిలినవారి లైసెన్సు మూడు నెలలు చెల్లదు. నెమ్మదిగా వెళ్లడం నేర్పే చోటికి ఆలస్యంగా వస్తే ఒప్పుకోరన్నమాట. ఇందులో వింతేమీ లేదు. చదువు అన్నాక క్రమశిక్షణ ఉండాలి.

ఈ కార్యక్రమంలో తొలి లబ్ధిదారుల్లో ఇమ్మానుయేలు ఒకడు. దొనకొండ పక్క పల్లెలో ఉంటూ షేరాటో తోలుకునే మనిషి. ఆటోలో ముగ్గురు కూర్చోవచ్చని కంపెనీ రాసింది. పదకొండు మంది కూర్చోవచ్చని ఊరు తేల్చింది. రైలు దిగే జనాన్ని మిగతా ఆటోలకంటే ముందు అందుకోవాలని ఒక మంగళవారం అతను స్టేషను వైపు యాభై ఎనిమిది మీద పోయాడు. అక్కడ నలభై దాటకూడదు.

రెండు రోజులకు అతని ఫోనుకు నోటీసు వచ్చింది. భార్య హెప్సిబా ఏడో తరగతి దాకా చదువుకుంది కాబట్టి ఆమే చదివింది.

"ఇమ్మానుయేలు గారికి అని రాసినారు. ఇది నీకేనా?" అంది.

ఇమ్మానుయేలు ఫోను తీసుకుని బండి నంబరు చూసుకున్నాడు. నంబరు తనదే. నలభై రెండేళ్లుగా అతన్ని ఏయ్ ఆటో అనో, ఒరే ఇమ్మానీ అనో పిలిచారు. ఆదివారం పాస్టరు గారు బ్రదర్ అంటారు గానీ, అది అందరినీ అంటారు. గారు తగిలించింది కంప్యూటరు. దానికి ఇమ్మానుయేలు ఎవరి కొడుకో, ఏ వీధిలో ఉంటాడో తెలియదు.

శనివారం పొద్దున హెప్సిబాను, ఆమెతో మిరప కోతలకు వచ్చే మరో పదిమందిని చేలో దించేసరికి ఎనిమిదిన్నర అయింది. అక్కడి నుంచి బయల్దేరితే మొదట రైల్వే గేటు పడింది. గేటు లేచాక గొర్రెల మంద అడ్డమొచ్చింది. గొర్రెలకు నోటీసు రాలేదు కాబట్టి అవి తీరిగ్గానే దాటాయి. ఫోనులో టైము చూసుకుంటే తొమ్మిదీ నలభై. ఇంకా పద్నాలుగు కిలోమీటర్లుంది. నలభై మీద పోతే పది దాటి ఒక నిమిషానికి చేరతాడు. ఇమ్మానుయేలు బండిని తొక్కాడు.

మండపానికి రెండు కిలోమీటర్ల ముందు, పెట్రోలు బంకు మలుపులో, కానిస్టేబులు గురవయ్య స్పీడు గన్ను పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. శనివారం పది గంటలకు ముందు వేగంగా వచ్చేవారు ఆ దారిలో ఎక్కువగా ఉంటారని అధ్యయనంలో తేలిందట. చేపలు మూగిన చోట వల వేయడం శాస్త్రీయ పద్ధతి. ఇమ్మానుయేలు బండి యాభై ఏడు చూపించింది. గురవయ్య ఆపలేదు.

"ఫొటో పడింది. పోన్నా, పో. గేటు మూస్తారు" అని చెయ్యి ఊపాడు.

మండపంలో నలభై మందికి సరిపడా, పెళ్లికి వేసే ఎర్ర కుర్చీలు వేశారు. ఇమ్మానుయేలు అలవాటు కొద్దీ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. హాజరు పిలిచే ఆయన కాగితం చూసి, "ఇమ్మానుయేలు గారూ, అట్ల నిలబడితే ఎట్ల? వచ్చి కూర్చోండి" అన్నాడు. కూర్చున్నాడు. కుడి పక్కన కాంట్రాక్టరు కోటేశ్వరరావు, గిద్దలూరు నుంచి పెద్ద కారులో వచ్చినవాడు. ఎడమ పక్కన కృష్ణవేణమ్మ, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, స్కూటీ మీద అరవై రెండు పోయినావిడ. టీ ఇచ్చారు. కాంట్రాక్టరు తాగిన గ్లాసూ ఇమ్మానుయేలు తాగిన గ్లాసూ ఒకే ట్రేలో వెనక్కి వెళ్లాయి. ఆ ట్రే తలుపు దాటేదాకా ఇమ్మానుయేలు దాన్నే చూశాడు.

పదీ ఇరవైకి అధికారి గారు వచ్చారు. గేటు తీసి, ఆయన లోపలికొచ్చాక మళ్లీ మూశారు. నుదుటి మీద చెమట తుడుచుకుని ఆయన ఉపన్యాసం ప్రారంభించారు.

"సోదర సోదరీమణులారా, వేగం ఒక వ్యాధి. నేడు సమాజంలో ఎవ్వరికీ ఓపిక లేదు. ఒంగోలులో తొమ్మిదీ పదికి బయల్దేరినవాణ్ని ఇప్పుడు మీ ముందు నిలబడి ఉన్నాను. ఎందుకు? మీ ప్రాణాల మీద మాకున్న తపన. అంత తపన మీకు లేకపోవడం విచారకరం."

ఒంగోలు నుంచి తొంభై అయిదు కిలోమీటర్లు. కృష్ణవేణమ్మ వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుని నిట్టూర్చింది. మిగతావారు చప్పట్లు కొట్టారు.

తర్వాతి శనివారం ఆ నలభై మందీ మళ్లీ వచ్చారు. క్లాసుకు వస్తూ పట్టుబడ్డారు కనక క్లాసుకు రావాల్సి వచ్చింది. మధ్యలో కొత్తగా పట్టుబడినవారు తోడై అరవై ఎనిమిది మంది అయ్యారు. నాలుగో వారానికి నూట పది. కుర్చీలు చాలక షామియానా వేయించారు. రహదారి భద్రత మీద ప్రజల్లో ఇంతటి ఆసక్తి రాష్ట్రంలో మరెక్కడా కనిపించలేదని నివేదిక వెళ్లింది. పట్టుబడినవారి సంఖ్య గన్ను విజయాన్ని, హాజరైనవారి సంఖ్య క్లాసు విజయాన్ని చాటుతున్నాయని అందులో రాశారు. రెండూ ఒకే మనుషులన్నది నివేదికకు అవసరంలేని వివరం.

జనం పెరిగాక క్లాసుకు లీడరు కావాల్సి వచ్చింది. అయిదు వారాలూ ఒకే మలుపులో, ఒకే వేగంతో పట్టుబడిన నిలకడ గల మనిషి ఎవరని చూస్తే ఇమ్మానుయేలు తేలాడు. కృష్ణవేణమ్మ ప్రతిపాదించింది. కోటేశ్వరరావు బలపరిచాడు. హాజరు పట్టీ ఇమ్మానుయేలు చేతికి వచ్చింది. కృష్ణవేణమ్మ పక్కనుంచి చదివి చెప్పిన మండల స్థాయి నాయకుల పేర్లు అతను పిలుస్తుంటే వాళ్లు లేచి, "ఉన్నానండీ" అన్నారు.

ఇంటికొచ్చి చెప్పాడు. హెప్సిబా మిరప ఘాటుకు మండుతున్న చేతులను మజ్జిగలో ముంచుకుని కూర్చుంది.

"కాంట్రాక్టరు నన్ను చూసి లేచి నిలబడినాడమ్మే" అన్నాడు.

"నిలబడతాడులే. ఆయన కట్టేది ఆయన జేబులోది. నువ్వు కట్టేది నా చేతుల మంట" అంది హెప్సిబా. చేతులు మజ్జిగలోంచి తీసి, "వచ్చే శనివారం మమ్మల్ని దించొద్దు. మేం నడిచి పోతాం. నువ్వు ఏడింటికే పో. నలభై మీద పో" అంది.

ఆమె మాట మీద ఇమ్మానుయేలు ఏడింటికే బయల్దేరి, ముల్లు నలభై దాటకుండా పోయాడు. ఆ దారిలో ఒక బండి నలభై మీద పోవడం జనం చూసి చాన్నాళ్లయింది. వెనక బస్సు ఊరు దాటేదాకా హారను మీది చెయ్యి తీయలేదు. ట్రాక్టరు దాటిపోయింది. బైకు మీద పోయేవాడు పక్కకొచ్చి, "ఏందన్నా, డీజిల్ అయిపోయిందా?" అని అడిగాడు. ఒక ఊళ్లో అరుగు మీద కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లు, ఆటోలో శవం పోతోందనుకుని లేచి దండం పెట్టారు. మలుపులో గురవయ్య గన్నును రెండుసార్లు అరచేత్తో తట్టి, మళ్లీ చూసి, లేచి వచ్చాడు.

"ముప్పై ఎనిమిది చూపిస్తాంది. ఒంట్లో బాగుండావా అన్నా?"

"బాగానే ఉండానన్నా."

"ఇంటికాడ అంతా బాగుండారా?"

ఆ వారం పాత నోటీసు మీద క్లాసు జరిగిపోయింది. కొత్త నోటీసు రాలేదు. హెప్సిబా ఆదివారం గుళ్లో కృతజ్ఞత కానుక వేసింది. అయినా తర్వాతి శనివారం ఇమ్మానుయేలు గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని, నలభై మీద పోయి తొమ్మిదింటికే గేటు దగ్గర నిలబడ్డాడు. లీడరు కదా. గేటు దగ్గరి మనిషి జాబితా చూశాడు.

"నీ పేరు లేదు."

"నేను లీడర్ని."

"అయితే ఏంది? ఇది తప్పు చేసినోళ్లకు. నువ్వేం చేసినావు?" అని అడిగాడు. ఇమ్మానుయేలు ఏమీ చేయలేదు. "ఏయ్, ఆటో పక్కకు తియ్. సార్లు వచ్చే దారి."

లోపల అతని కుర్చీలో ఎవరో కూర్చున్నారు. టీ ట్రే తిరుగుతోంది. కృష్ణవేణమ్మ చూసి గేటు దాకా వచ్చింది.

"పట్టుబడలేదా ఇమ్మానుయేలు గారూ? అయ్యో, పాపం" అంది. నిజంగానే బాధపడింది.

తిరిగి వచ్చేటప్పుడు మలుపులో అతని చెయ్యి యాక్సిలేటరు మీద బిగుసుకుంది. కొంచెం తిప్పితే చాలు, వచ్చే శనివారం కుర్చీ ఉంటుంది. చేలో హెప్సిబా చేతులు గుర్తొచ్చి వదిలేశాడు.

మూడు నెలలు నలభై మీదే తోలాడు. ఎక్కేవాళ్లు తగ్గారు. ఇమ్మాని ఆటో ఎక్కితే పెళ్లికి బయల్దేరినవాడు బారసాలకు చేరతాడని స్టాండులో చెప్పుకున్నారు. ఆ సమయంలో రహదారి భద్రతా వారోత్సవాలు వచ్చాయి. మూడు నెలలుగా ఒక్కసారీ పట్టుబడని చోదకుణ్ని సన్మానించాలని పైనుంచి ఆదేశం వచ్చింది. పుస్తకాలన్నీ తిరగేస్తే ఒక్క పేరు దొరికింది. ఫోనుకు మళ్లీ వచ్చింది. ఇమ్మానుయేలు గారికి, శనివారం, అదే మండపం, ఉదయం పది గంటలకు. తర్వాత గేటు మూయబడును.

హెప్సిబా కోతలకు సెలవు పెట్టింది. పట్టుచీర కట్టుకుని వెనక సీట్లో ఒక్కతే కూర్చుంది. ఏడున్నరకే బయల్దేరారు. రైల్వే గేటులో రెండు గూడ్సులు పోయాయి. గేటు దాటి పది కిలోమీటర్లు పోయాక పోలీసులు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. వారోత్సవాలకు వచ్చే పెద్దల కార్లు వేగంగా పోవడానికి వీలుగా మిగతా బండ్లన్నింటినీ రోడ్డు పక్కన నిలిపారు. ముప్పావు గంట నిలబడ్డారు. పద్నాలుగు కార్లు పోయాయి. ముల్లు ఎంత మీదుందో ఎవరూ చూడలేదు. గన్నులన్నీ మండపంలో ప్రదర్శనకు పెట్టారు.

వదిలేసరికి తొమ్మిదీ నలభై అయిదు. పన్నెండు కిలోమీటర్లుంది.

"కొంచెం తొక్కరాదా?" అంది హెప్సిబా వెనక నుంచి, తగ్గు గొంతుతో.

"తొక్కి పట్టుబడితే అవార్డు లేదు."

"తొక్కకపోతే గేటు మూస్తారు."

ఇమ్మానుయేలు ముల్లు వైపు చూస్తూ తోలాడు. అది నలభై మీదే ఉంది. హెప్సిబా కూడా ముందుకు వంగి ఆ ముల్లునే చూసింది. మళ్లీ తొక్కమనలేదు.

పదీ నాలుగుకు చేరారు. గేటు మూసి ఉంది. మైకులో అధికారి గారి గొంతు రోడ్డు దాకా వినిపించింది.

"సమయపాలన లేని వ్యక్తిని సన్మానిస్తే సమాజానికి ఏం సందేశమిస్తాం? కాబట్టి ఈ ఏటి ఆదర్శ చోదకుడి పురస్కారాన్ని, గిద్దలూరులో తొమ్మిదీ పదిహేనుకు కారెక్కి, తొమ్మిదీ యాభైకే ఇక్కడ కూర్చున్న శ్రీ కోటేశ్వరరావు గారికి అందజేస్తున్నాం. అరవై కిలోమీటర్లు. ఎంతటి నిబద్ధత. ఆయన మీదున్న పద్నాలుగు కేసులు నిజానికి పద్నాలుగు అవగాహన తరగతులు. ఈ సభలో ఇంతటి అవగాహన ఇంకెవరికుంది?"

చప్పట్లు మోగాయి. హెప్సిబా చీర కొంగు సర్దుకుని కూర్చుంది. ఇమ్మానుయేలు ఆటోను గేటు పక్కన నీడకు తీశాడు.

సభ ముగిశాక గేటు తీశారు. గుండెల మీద భద్రతా బ్యాడ్జీలు పెట్టుకున్న ఏడుగురు వచ్చి ఆటో ఎక్కారు. హెప్సిబా ముందుకొచ్చి డ్రైవరు పక్కన సర్దుకుంది. "నెమ్మదే క్షేమం" అని రాసిన టోపీ పెట్టుకున్న పెద్దాయన, "తొందరగా పోనీ అబ్బాయా, ఎండ ఎక్కుతాంది" అన్నాడు. ఇమ్మానుయేలు నలభై మీద పోయాడు. రెండో కిలోమీటరు దగ్గర ఆపమని, ఏడుగురూ దిగి, వెనక దూసుకొచ్చిన ఇంకో ఆటో ఎక్కారు. దుమ్ము తగ్గేదాకా ఇద్దరూ అక్కడే ఆగారు.

"ఏం చేద్దాం?" అన్నాడు ఇమ్మానుయేలు.

"ఏముంది చేసేది? పోనీ. ఇట్లనే పోనీ" అంది హెప్సిబా.

మనుషులు ఎక్కడం పూర్తిగా మానేశారు. ఇప్పుడతను పలకల కార్ఖానా నుంచి బడిపిల్లల పలకలు వేసుకుని ఊళ్లకు పోతున్నాడు. వేగంగా తోలేవాళ్ల బండ్లలో సగం పగిలిపోతుంటే, అతని బండిలో ఒక్కటీ పగలడం లేదని కార్ఖానావాళ్లు పిలిచి పని ఇచ్చారు. పలకలకు తొందర లేదు. కోతలు లేని రోజుల్లో హెప్సిబా కూడా వెంట పోతుంది.

ఆ ఆటోను మీరు చూసే ఉంటారు. రోడ్డుకు ఎడమ పక్కన, నలభై మీద, వరుసగా పెట్టెలు కట్టుకుని పోతుంటుంది. మీరే వెనక నుంచి అదే పనిగా హారను కొట్టారు. దాటేటప్పుడు అద్దం దించి, తల బయటపెట్టి ఒక మాట అన్నారు. గాలికి ఆ మాట అతనికి చేరలేదు. ఇవతలి పక్కన కూర్చున్న హెప్సిబాకు చేరింది.