జోజప్ప ఫ్యాను, రాయప్ప ఫోను

ఆ ఉదయం జోజప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. లారీ వచ్చేదాకా మావగారి మామిడితోటలో కాపలా ఉండాలి. చల్లగా ఉండాలి. ఫోనులో ఛార్జింగు ఉండాలి. మొదటిది మావగారి ఆజ్ఞ, రెండోది జోజప్ప ఒంటి ఆజ్ఞ, మూడోది మళ్ళీ మావగారిదే.

ఆ ఏడు ఎండలు అలాంటివి మరి. తిరువూరు బస్టాండులో వాలిన కాకి ఒక కాలు నేలకి ఆనిస్తే రెండోది ఆనించేది కాదు. ఎ.కొండూరు దాకా వెళ్ళొచ్చిన మోటారు సైకిలు సీటు మీద అట్టు పోస్తే తిరగెయ్యకుండానే రెండు వైపులా కాలేది. మావగారు రాయప్ప తోటేమో ఊరికి దూరంగా, కరెంటు స్తంభం కూడా రావడానికి బద్ధకించిన చోట ఉంది.

రాయప్పకి ఇద్దరల్లుళ్ళు. పెద్దల్లుడు విజయ్ కుమార్ ఏం చెప్పినా "ఊఁ" అంటాడు. చిన్నల్లుడు జోజప్ప ఏం చెప్పినా "అది కాదు మావయ్యా" అంటాడు. విజయ్ కుమార్ చేతికి తోట వస్తే చెట్లు కొట్టించి ప్లాట్లు వేయిస్తాడని ఊరందరికీ తెలుసు. జోజప్పకి ఆ చెట్లంటే ప్రాణం. ఏ చెట్టు ఏ ఏడు అలుగుతుందో కూడా చెప్పగలడు.

"ఇదిగో అల్లుడూ, లారీ వచ్చేదాకా తోట నీ పూచీ," అన్నాడు రాయప్ప. "ఒక్క కాయ కోతి నోట్లోకి పోయిందా, వచ్చే ఏడు తోట పెద్దల్లుడిదే. నేను ఫోన్ చేస్తే రెండో రింగుకి ఎత్తాలి. మూడో రింగు మోగిందంటే నువ్వు నిద్రపోతున్నట్టే లెక్క."

"అది కాదు మావయ్యా, అక్కడ కరెంటు..."

"చూశావా, మళ్ళీ అడ్డం!"

జోజప్ప నోరు మూసుకుని తెలివి తెరిచాడు. ట్రాక్టరు బ్యాటరీ ఒకటి, పాత సోలారు పలక ఒకటి, ఎక్కడో బస్సులోంచి ఊడదీసిన ఫ్యాను ఒకటి సంపాదించాడు. తోటలో తాటాకు పాకకి వెనకవైపు ఫ్యాను కట్టి, ముందువైపు గోనెసంచులు వేలాడదీశాడు. పత్తికి మందు కొట్టే బ్యాటరీ పంపు భుజాన తగిలించుకుని సంచుల మీద నీళ్ళు కొట్టాడు. ఫ్యాను తిప్పాడు. అంతే! పాక ముందుకి మార్గశిర మాసం వచ్చి కూర్చుంది.

అన్నం క్యారేజీతో వచ్చిన భార్య రూత్ పంపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మందు కొట్టే పంపుతో గాలికి నీళ్ళు కొడతారా? ఇద్దరం పోతాం!"

"కొత్తదే! ఇంకా మందు మొహం కూడా చూళ్ళేదు. రా, కూర్చో."

రూత్ కూర్చుంది. కాసేపటికి చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. ఇంకాసేపటికి, "ఏవండీ, దుప్పటేమన్నా ఉందా?" అంది. కట్టుకున్నవాడి తెలివికి ఆవిడ ఆశ్చర్యపోవడం పెళ్ళయ్యాక అదే మొదలు.

ఆవిడ వెళ్ళాక జోజప్ప ఒక కునుకు తీశాడు. లేచి చూసేసరికి పాక ముందు కోతులు. చెట్ల మీద కాదు, నేల మీద. పిల్లలు ముందు, తల్లులు వెనక, చర్చిలో ఆడవాళ్ళ వైపులా వరసగా కూర్చున్నాయి. అన్నిటికంటే ముందు, గాలి సూటిగా తగిలే చోట, ముసలి సంఘపెద్దలా ఒక పెద్దకోతి. కళ్ళు మూసుకుని ఉంది. గాలికి దాని గడ్డం వెంట్రుకలు మెల్లగా ఊగుతున్నాయి. నెత్తి మీద రసాలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటే ఒక్కటి కూడా తల పైకెత్తలేదు.

జోజప్పకి సంగతి వెలిగింది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ తోట భద్రం!

సరిగ్గా అప్పుడే యేసురాజు షేర్ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి హనుమాయమ్మ దిగింది. ఆవిడ తిరువూరు పంతులుగారి భార్య. ఏటా ఆవకాయకి కాయలు రాయప్ప తోటలోవే కావాలంటుంది. ఆవిడ కోతుల్ని చూసింది. చేతిలో బుట్ట కిందపడింది.

"ఏంటిది జోజప్పా! ఎంత నిష్ఠగా కూర్చున్నాయి నాయనా!"

"చల్లగాలికండీ, అమ్మగారూ."

"చల్లగాలికి మనుషులు కూడా ఇంత బుద్ధిగా కూర్చోరు," అని దణ్ణం పెట్టి, చెంపలేసుకుంది.

తోటకొచ్చిన మనిషిని ఉత్తచేతుల్తో పంపడం ఆ చుట్టుపక్కల ఏ ఇంటా లేదు. "నాలుక్కాయలు కోసుకోండి అమ్మగారూ," అన్నాడు జోజప్ప. తర్వాత జరిగినదంతా ఆ నాలుక్కాయల్లోనే మొలిచింది.

యేసురాజు ఫోను తీసి కోతుల్ని వీడియో పట్టాడు. "అన్నా, ఛార్జింగ్ అయిపోవస్తంది. నీ బ్యాటరీకి తగిలించుకోనా?"

"తగిలించుకో తమ్ముడూ, దానికేముంది."

మర్నాడు పొద్దెక్కేసరికి గంపలగూడెం రోడ్డు మీద ఉన్న షేర్ ఆటోలన్నీ తోటకే తిరిగాయి. హనుమాయమ్మ బంధువులు పూలు తెచ్చారు. రూత్ వాళ్ళ ప్రార్థన కూటం ఆడవాళ్ళు బైబిల్లో సింహాలే నోరు మూసుకున్నాయి, కోతులెంత అంటూ పాట అందుకున్నారు. పూలు, పాట, గాలి అన్నీ ఒకేసారి అందుతుంటే పెద్దకోతి కళ్ళు తెరవనే లేదు. జనం నోళ్ళు మాత్రం తెరుచుకునే ఉన్నాయి.

చూసి ఊరుకున్నారా? వచ్చింది ఆవకాయ రోజుల్లో. "హనుమాయమ్మగారికి నాలుగిచ్చావంట, మాకు లేవా?" అన్నారు. ఒకరికిచ్చి ఇంకొకరికి లేదనడం ఇంకా మర్యాద తక్కువ. జోజప్ప సరేనన్నాడు. నాలుగు ఒడి అయింది, ఒడి సంచి అయింది, సంచి బస్తా అయింది. యేసురాజు ఏకంగా చెట్టెక్కేశాడు, మిగతావాళ్ళు తలా ఒక చెట్టు పట్టారు.

"ఒరేయ్ యేసురాజూ, దిగరా! నాలుగన్నాను!"

"నాలుగే అన్నా! మా అమ్మకి నాలుగు, అత్తకి నాలుగు, అత్తా వాళ్ళ వీధికి తలా నాలుగు!"

దింపుదామంటే జోజప్పకి చేతులు ఖాళీ లేవు. సంచులు ఆరిపోతే గాలి వేడెక్కుతుంది, గాలి వేడెక్కితే కోతులు లేస్తాయి. ఫ్యాను దగ్గరుంటే కాయలు మనుషుల పాలు, వదిలి వెళ్తే కోతుల పాలు. చేతి పంపు దగ్గర నీళ్ళు కొట్టుకుని బిందెతో పరిగెత్తడం, సంచులు తడపడం, మళ్ళీ పరిగెత్తడం.

"రూతూ, నువ్వన్నా చెప్పవే వాళ్ళకి!"

"వాళ్ళలో సగం మంది మా చుట్టాలండీ. నేనేం చెప్పను?"

ఈలోగా వీడియోలు తీసి తీసి అందరి ఫోన్లూ అడుగంటాయి. అన్నీ బ్యాటరీ దగ్గరికే చేరాయి. చిక్కుడు పాదులా వైర్లు అల్లుకున్నాయి. ఆ గుట్టలో, అన్నిటికీ అడుగున, జోజప్ప నొక్కుడు ఫోను కూడా ఉంది.

ఎవరో ఆఖరి ఫోను తగిలించారు. ఫ్యాను మూలిగింది, నీరసించింది, ఆగిపోయింది.

పాట ఆగింది. బిందెతో వస్తున్న జోజప్ప దారిలోనే బిగుసుకుపోయాడు.

పెద్దకోతి కళ్ళు తెరిచింది. ఫ్యాను వైపు చూసింది. ఫ్యాను నుంచి వైరు వెంట, వైరు నుంచి బ్యాటరీ దాకా, బ్యాటరీ నుంచి ఫోన్ల గుట్ట దాకా చూపు నడిపించింది. ఏళ్ళ అనుభవమున్న లైన్‌మన్ కూడా అంత నిదానంగా చూడడు. లేచి వెళ్ళి ఒక్కొక్క ఫోనూ పీకి వెనక్కి విసరడం మొదలెట్టింది. అడుగున ఉన్న నొక్కుడు ఫోను దాని చేతికొచ్చేసరికి అది మోగింది.

ఒక రింగు. రెండో రింగుకి కోతి ఏదో నొక్కింది.

రాయప్ప గొంతుకి స్పీకరు అక్కర్లేదు. తోటంతా వినపడింది. "అల్లుడూ! లారీ ఎక్కి వచ్చేస్తన్నా. కోత ముఠా వాళ్ళు చెయ్యిచ్చార్రా. కాయ ఎట్టాగైనా నువ్వే కోయించాలి. కోయిస్తావా?"

"ఊఁ," అంది కోతి.

"అడ్డం చెప్పవేంటి ఇవాళ?"

"ఊఁ."

"శెభాష్!" అన్నాడు రాయప్ప.

అప్పటికి యేసురాజుకి తన ఫోను గుర్తొచ్చింది. చెట్టు మీంచి దూకి గుట్ట మీద పడ్డాడు. అది పెద్దకోతికి నచ్చలేదు. నొక్కుడు ఫోను కింద పడేసి పళ్ళు చూపించింది. వెనకున్న వరసలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఇక చూడాలి! తిరునాళ్ళలో కూడా జనం అంత వేగంగా కదలరు. చెప్పులు ఒక దారి, పూలు ఒక దారి. ఫోన్లు ఏరుకున్నవాళ్ళు ఏరుకున్నారు. బస్తాలు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తి పరిగెత్తగలిగే బరువా అవి! యేసురాజు ఆటో మనిషి లేకుండానే కొంత దూరం వెళ్ళిందని చూసినవాళ్ళు చెబుతారు.

బరువు దిగిన బ్యాటరీ కాస్త ఊపిరి పీల్చుకుంది. ఫ్యాను మెల్లగా తిరిగింది. కోతులు ఎవరి చోట్లలో అవి కూర్చున్నాయి.

దుమ్ము అణిగేసరికి లారీ వచ్చింది. రాయప్ప దిగి చూశాడు. చెట్లన్నీ బోసిగా ఉన్నాయి. పాక చుట్టూ కట్టిన బస్తాలు, కట్టని బస్తాలు, బుట్టలు. కాయకి దెబ్బ తగల్లేదు, కోతి పన్ను అసలే తగల్లేదు. కోతులేమో అటు వరసగా కూర్చుని ఉన్నాయి.

రాయప్ప తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆయన చర్చిలో తప్ప ఎక్కడా అలా తియ్యడు.

"ముఠా లేకుండా... ఇంత చప్పున... ఎట్టా కోయించావు అల్లుడూ?"

"అది కాదు మావయ్యా..." అనబోయిన జోజప్ప కాలిని రూత్ గట్టిగా తొక్కింది.

"ఊఁ," అన్నాడు జోజప్ప.

రాయప్ప కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇక తోట నీదే. నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో. చెట్ల మీద ఎవడి గొడ్డలీ పడదు. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. ఇందాక ఫోన్లో ఎంత వినయంగా మాట్లాడావో, ఎప్పుడూ అట్టాగే మాట్లాడు."

జోజప్ప ఆ మాట జవదాటలేదు. ఇప్పటికీ మావగారి ఫోను మోగితే పెద్దకోతి చేతికే ఇస్తాడు.