అరకిలో ట్రిగ్గరు

ఆ ఆదివారం ఉదయం సన్యాసిరాజు వేసుకున్న ప్రణాళిక పెద్దదేమీ కాదు. దువ్వాడ నుంచి బండి మీద వన్‌టౌన్ వెళ్ళడం, హుస్సేన్ బాషా కొట్లో పిస్తోలు ట్రిగ్గరు కాస్త మెత్తగా చేయించుకోవడం, వచ్చే దారిలో చేపలు కొనుక్కుని పదకొండింటికల్లా ఇల్లు చేరడం. పిస్తోలు అనగానే కంగారు పడకండి. ఆయన ఓ రోలింగ్ మిల్లులో సేఫ్టీ ఆఫీసరు. మిల్లు వార్షిక క్రీడల్లో పరుగుపందెం మొదలుపెట్టడానికి పేల్చే పిస్తోలు అది. దాంట్లోంచి చప్పుడూ, కాస్త పొగా తప్ప ఇంకేమీ రావు.

పన్నెండేళ్ళుగా దాన్ని పేల్చే స్టార్టరు ఆయనే. హెల్మెట్టు పెట్టుకోలేదని, బూటు తాడు కట్టుకోలేదని ఏడాది పొడుగునా జనాన్ని కసిరే ఆ మనిషికి మిల్లంతా కలిసి చప్పట్లు కొట్టేది ఆ ఒక్క రోజే. అందుకని ఆ పదవంటే ఆయనకి ప్రాణం. అది కిందటేడాదే ఊడినంత పనైంది. "ఆన్ యువర్ మార్క్, సెట్" అని నొక్కితే ట్రిగ్గరు కదల్లేదు. ఎనిమిది మంది కుర్రాళ్ళు నడుం వంచి అలాగే ఉండిపోయారు. ఆయన ఒక వేలితో, తర్వాత రెండు వేళ్ళతో, చివరికి రెండు చేతులతో లాగి పేల్చేసరికి ఒకడికి నడుం పట్టేసింది, ఇద్దరు మంచినీళ్ళు తాగడానికి వెళ్ళిపోయారు.

మేనేజరు తిరుమలరావు ఒకసారి గడియారం చూసుకున్నాడు, అంతే. పర్సనెల్ డిపార్ట్‌మెంటులో పనిచేసే దేవీప్రసాద్ మాత్రం రిమోటు నొక్కితే మోగే హారనొకటి ఆన్‌లైనులో తెప్పించి పెట్టుకున్నాడు. "ఈ ఏడు కూడా అది మొరాయిస్తే నువ్వేటీ బెంగెట్టుకోకు బావా. నా హారను రెడీగా ఉంటాది," అని క్యాంటీనులో కనబడినప్పుడల్లా ఎంతో ఆప్యాయంగా చెబుతున్నాడు. ఆ ఆప్యాయతకే సన్యాసిరాజుకి అన్నం సయించడం లేదు.

హుస్సేన్ బాషా తాళాలూ, గ్యాస్ స్టవ్‌లూ, కుట్టుమిషన్లూ ఏదిచ్చినా బాగుచేసే మనిషి. పక్కనున్న చేపల దుకాణం నుంచి తూకపు రాళ్ళు తెచ్చి, ట్రిగ్గరుకి దారం కట్టి, ఒక్కొక్కటే వేలాడదీస్తూ పోయాడు. నాలుగు కిలోలకి గానీ అది టక్కుమనలేదు. దీన్ని లాగడానికి వేలు చాలదు, ఎద్దు కావాలని తేల్చాడు. ఎంతకి తగ్గించాలన్నదే ప్రశ్న. సన్యాసిరాజు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఒకవైపు "భద్రత", రెండోవైపు "నమ్మకం" అని రాసి మధ్యలో గీత కొట్టాడు. నొక్కగానే ప్రతిసారీ పేలాలి, నొక్కకుండా ఒక్కసారీ పేలకూడదు. ఆయన కోరిక అంతే.

"రెండు కిలోలకి పెడతాను సాబ్. కొంచెం గట్టిగా ఉంటాది, కానీ మీరు చెప్పినప్పుడే పేలతాది," అన్నాడు బాషా.

సన్యాసిరాజు కళ్ళముందు దేవీప్రసాద్ హారను మెదిలింది. "అరకిలోకి పెట్టీ బాషా. నా వేలు నా మాట ఇంటాది."

"సేఫ్టీ సారే ఇలగంటే ఎలాగ? అరకిలో అంటే వణుకుకి కూడా పేలిపోద్ది. పేల్చేదాకా వేలు అందులో పెట్టనని మాటివ్వండి, అప్పుడు చేస్తాను."

మాటిచ్చాడు. చేపలు మర్చిపోయి ఇంటికెళ్ళి, పెరట్లో ఇరవైసార్లు పేల్చి చూశాడు. ఇరవైసార్లూ పేలింది. నమ్మకం కింద నూటికి నూరు వేసుకున్నాడు. భద్రత పరీక్ష కోసం పిస్తోలుని బల్లమీద పెట్టి తలుపు ధడేలున వేశాడు. పేలలేదు. దానికీ నూరే వేసుకున్నాడు. పిల్లి మూడిళ్ళ అవతలికి ఎందుకు పారిపోయిందనీ, చేపలేవనీ ఆయన భార్య ధనలక్ష్మి అడిగిన ప్రశ్నలు పుస్తకంలో ఏ వైపుకీ చెందనివి కాబట్టి పట్టించుకోలేదు.

క్రీడల రోజు రానే వచ్చింది. ముఖ్య అతిథి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు కుసుమకుమారి. గౌరవంగా ఉంటుందని వంద మీటర్ల పందేనికి స్టాప్‌వాచ్ ఆవిడ చేతికే ఇచ్చారు. సన్యాసిరాజు తెల్లటి ప్యాంటూ చొక్కా వేసుకుని, కిందటేడాదిలా ఆలస్యం కాకూడదని పిస్తోలు ముందే నింపి కుడిచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బాషాకిచ్చిన మాట ప్రకారం వేలు బయటే ఉంచాడు.

ఆ మిల్లులో ఓ ఆచారం ఉంది. భద్రతా ప్రతిజ్ఞ చేయకుండా ఏ పనీ మొదలుపెట్టరు. ఎవరి పుట్టినరోజుకైనా కేకు కోయాలన్నా ముందు ప్రతిజ్ఞే. దాన్ని చదివించేది సేఫ్టీ ఆఫీసరే. మిల్లు ఆవరణలోని మైదానంలో మూడొందల పన్నెండు మంది కుడిచేతులు పైకెత్తారు. పందెం కుర్రాళ్ళు ఎనిమిది మందీ గీత మీద నిలబడే చేతులెత్తారు. పన్నెండేళ్ళ అలవాటు కొద్దీ సన్యాసిరాజు కూడా కుడిచెయ్యి పైకెత్తాడు.

"ఏ ప్రమాదానికీ నా చెయ్యి కారణం కానివ్వనని..." అని కంఠం పెంచాడు. ఆ మాట పలికేటప్పుడు పిడికిలి బిగించడం ఆయనకి అలవాటు. వేలు ఎప్పుడు లోపలికి జారిందో ఆయనకే తెలీదు. ఢామ్మని పేలింది.

కుర్రాళ్ళు ఎత్తిన చేతులు ఎత్తినట్టే దౌడు తీశారు. కుసుమకుమారి స్టాప్‌వాచ్ నొక్కింది. అక్కడితో ఆగినా బాగుండేది. సైరన్ గదిలో ఉన్న గోపికి సన్యాసిరాజు స్వయంగా రాసిచ్చిన ఆదేశం ఒకటుంది. పేలుడు వినబడితే ముందు మీట నొక్కాలి, తర్వాతే ఎవరినైనా అడగాలి. క్రీడలరోజు కదా అని, పిస్తోలు ఏయే వేళల్లో పేలుతుందో పట్టీ కూడా రాసిచ్చాడు. గోపి గడియారం చూశాడు, పట్టీ చూశాడు. తొమ్మిదీ పదికి ఏ పేలుడూ లేదు. నొక్కేశాడు.

సైరన్ మోగితే ఎక్కడివాళ్ళక్కడ వదిలేసి గేటు పక్క ఖాళీస్థలంలో సెక్షన్లవారీగా వరసకట్టి నిలబడాలి. అదీ ఆయన నేర్పించిందే. వంద మీటర్లు దాటిన కుర్రాళ్ళు ఆగకుండా అటే మళ్ళారు. వంటవాళ్ళు గ్యాస్ కట్టేసి, సగం ఉడికిన బిర్యానీని దాని ఖర్మానికి వదిలేసి పరిగెత్తారు. మ్యూజికల్ చైర్స్‌కి వచ్చిన ఆడవాళ్ళు మళ్ళీ సీటు దొరుకుతుందో లేదోనని ఎవరి కుర్చీ వాళ్ళు చంకన పెట్టుకుని మరీ వెళ్ళారు. ఫైరింజను షామియానా తాళ్ళ మీదుగా వచ్చేసింది. షామియానా దేవీప్రసాద్ మీద కూలింది. లోపల ఎక్కడో హారను మోగింది గానీ ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి అతనూ పాక్కుంటూ బయటపడి వరసలో చేరాడు. తలలు లెక్కపెడితే ఒకటి తగ్గింది. వెతికితే, సన్యాసిరాజు గీత దగ్గరే చెయ్యి ఎత్తుకుని నిలబడి ఉన్నాడు.

అయిపోయింది, పన్నెండేళ్ళ పరువూ ఆ పొగతోపాటే పోయిందనుకుని ఆయన కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. గోపి ఎదురొచ్చి, "మీ లిస్టులో ఈ టైముకి లేదు సార్, అందుకే నొక్కీసినాను," అన్నాడు. తప్పుపట్టడానికి అందులో ఒక్క అక్షరం కూడా దొరకలేదు.

కుసుమకుమారి స్టాప్‌వాచ్ ఆపి చూసుకుంది. "మూడు నిమిషాల నలభై సెకన్లు. ముందుగా చెప్పకుండా ఎమర్జెన్సీ డ్రిల్ చేశామని అందరూ రిపోర్టుల్లో రాస్తారు. నిజంగా చేసినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను. ఎవరిది ఈ ఆలోచన?"

టిఫిన్ డబ్బా కిందపడినా త్రుటిలో ప్రమాదం తప్పిందని రిపోర్టు రాసే మనిషి సన్యాసిరాజు. అబద్ధమాడి తప్పించుకోలేకపోయాడు. "నాను పేల్సలేదు మేడమ్. పెతిజ్ఞ సేత్తంటే దానంతటదే పేలిపోనాది. తప్పు నాదే."

"డ్రిల్ అంటే అలాగే ఉండాలండీ, ఎవరూ అనుకోకుండా జరిగినట్టు," అంది ఆవిడ మెచ్చుకోలుగా. ఆయన మళ్ళీ నోరు తెరిచేలోపు తిరుమలరావు ఆయన కాలు తొక్కి, అలాగే ఉంచాడు.

వారం తర్వాత కుసుమకుమారి ఉత్తరం వచ్చింది. ఇలాంటి డ్రిల్ జిల్లాలోనే చూడలేదనీ, ఇకమీదట మిల్లులో ఆ పిస్తోలు పేల్చే బాధ్యత వేరెవరికీ అప్పగించకూడదనీ సన్యాసిరాజు పేరుతో సహా రాసింది. దేవీప్రసాద్ హారను తీసుకెళ్ళి వాళ్ళబ్బాయి సైకిలుకి బిగించాడు. సన్యాసిరాజు ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదువుకున్నాడు. సంతోషంతో కళ్ళు చెమర్చి, చివరి పేరా సరిగ్గా కనబడలేదు. తిరుమలరావుకి కనబడింది. డ్రిల్‌లో ఒకే ఒక్క లోపం ఉందట. అందరూ పరిగెత్తారు. ఫ్యాక్టరీ ఆవరణలో ఏ సందర్భంలోనూ, ఏ కారణానా పరుగు పనికిరాదు. తిరుమలరావు ఆ సాయంత్రమే సర్క్యులరు తీశాడు.

తరువాతి ఆదివారం, లెక్కలోకి రాకుండా పోయిన వంద మీటర్ల పందెం మళ్ళీ పెట్టారు. సన్యాసిరాజు "సెట్" అనగానే పిస్తోలు ఠంచనుగా పేలింది, మిల్లంతా చప్పట్లు కొట్టింది, ఎనిమిది మంది కుర్రాళ్ళు ఎడమపక్కగా, ఒకరి వెనక ఒకరు, జాగ్రత్తగా నడుచుకుంటూ వెళ్ళారు.