ఫ్రిజ్‌లో లేనిది

ఆ రోజు పదకొండు గంటలకు క్రీముల కంపెనీ ఓనరుగారు వచ్చి, చేతికి కొత్త క్రీము రాసుకుని చూసి తీర్పు చెబుతారు. చర్మానికి నునుపునిచ్చే సిలికాన్‌ను తీసేసి, దాని బదులు గింజల నూనె నుంచి చేసిన పదార్థం వేసి, అదే నునుపు రాబట్టడానికి మూడేళ్లు తంటాలు పడింది మన కెమిస్టు. ఆయనకు నచ్చితే క్రీము బజారుకెక్కుతుంది. నచ్చకపోతే ఆమె గదికి తాళం. ఆమె, ఆమె దగ్గర పనిచేసే ఇద్దరమ్మాయిలు ప్యాకింగ్‌కు.

పోల్చి చూపడానికి డబ్బాలు రెండు. సిలికాన్ ఉన్న పాత క్రీముకు "ఉన్నది" అనీ, కొత్తదానికి "లేనిది" అనీ చీటీలు అంటించింది. చలికి విరుగుతాయేమో చూద్దామని రెండింటినీ ఇంటి ఫ్రిజ్‌లో పెట్టింది. హడావుడిలో ఒక్కటే సంచిలో వేసుకొచ్చింది. ఆఫీసులో బల్ల మీద పెట్టి చూస్తే, అది "ఉన్నది".

వెంటనే మొగుడుగారికి ఫోన్ చేసింది. ఆయన ప్రూఫ్ రీడర్. అక్షరం పొల్లుపోకుండా చదవడం ఆయన వృత్తి, వినడమూ అంతే.

"ఏవండీ, ఫ్రిజ్‌లో లేనిది వెంటనే పట్టుకురండి!"

"లేనిదా? మొత్తమా?"

"మొత్తం! కొంచెం కూడా మిగల్చొద్దు. ఇది నా బతుకు సమస్య!"

పెళ్లాం అంత మాటన్నాక ఏ మొగుడు కూర్చుంటాడు? పదకొండుకు ఐదు నిమిషాలుందనగా రెండు సంచులతో చెమటలు కక్కుకుంటూ ఆఫీసు వరండాలో దిగాడు. ఆమె ఎదురు పరుగెత్తింది.

"డబ్బా ఏదండీ?"

"డబ్బా ఏంటి? పాలు, గుడ్లు, నిమ్మకాయలు, క్యాబేజీ. మన ఫ్రిజ్‌లో లేనివన్నీ తెచ్చా. పుట్టగొడుగులు మాత్రం దొరకలేదు."

"ఓరి దేవుడా! 'లేనిది' అని చీటీ ఉన్న డబ్బా అండీ!"

"ఓ, అదా! ఎదురుగా ఉన్నదాన్ని పట్టుకుని లేనిదని రాశావేంటి? కొట్టేసి 'ఉన్నది' అని దిద్దాను."

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. అంతలో సంచి చిరిగి క్యాబేజీ వరండా పొడుగునా దొర్లింది. ఇద్దరూ దాని వెంట పడ్డారు. ఓనరుగారు అవతలి తలుపు నుంచి గదిలోకి వెళ్లి, బల్ల మీదున్న డబ్బా మూత తీసి, మణికట్టుదాకా క్రీము రుద్దుకున్నారు.

ఆమె రొప్పుతూ వచ్చేసరికి ఆయన మొహం చిట్లించి, రుమాలుతో చేయి తుడుచుకుంటున్నారు.

"ఏంటమ్మా ఈ జిడ్డు? నేను ముందే చెప్పానా లేదా? మొక్కల సరుకంటే ఇంతే! మన పాత క్రీమెక్కడ, ఇదెక్కడ! సోమవారం నుంచి ముగ్గురూ ప్యాకింగ్‌లో చేరిపోండి."

ఆమె కళ్లల్లో గిర్రున నీళ్లు తిరిగాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఆ గదిలో ఉన్న డబ్బా ఏదో.

"సార్, మీరు రాసుకున్నది మన పాత క్రీమే. నాది ఇంకా ఇంట్లోనే ఉంది."

అమ్మాయిలిద్దరూ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగారు. క్యాబేజీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మొగుడుగారు సాక్ష్యంగా తలూపాడు. ఓనరుగారు గట్టిగా దగ్గారు.

"ప్యాకింగ్ మాట నేను అనలేదనుకోండి. రేపు రెండూ తీసుకురండి, చీటీలు పీకేసి. కళ్లు మూసుకుని రాసుకుంటాను."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన రుమాలు జేబులో దోపుకుని, తుడుచుకున్న చేతినే ఓసారి నిమురుకుని, "నిజానికి ఇదీ మెత్తగానే ఉందమ్మా" అన్నారు.